రైలు లేని ఊళ్ళ మధ్య ఒక రోజు

నెల్లూరు జిల్లా అనగానే మీకేం గుర్తొస్తుంది? చేపల పులుసు, మైపాడు బీచి, మద్రాసు వైపు పరుగెత్తే రైళ్ళు... అంతేనా? కావలిలో ఉండే మా ఆడపడుచు అప్పుడప్పుడూ ఫోను చేసి, "వదినా! పొద్దున రైలెక్కి నెల్లూరు పోయాం. మైపాడులో కాళ్ళు తడుపుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చి పడ్డాం" అని చెబుతుంటే నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది. ఎందుకంటారా? మేముండేది ఆత్మకూరులో. మా పడమటి వాళ్ళకి సముద్రమూ లేదు, రైలూ లేదు. సముద్రం చూడాలన్నా, రైలు కూత వినాలన్నా నెల్లూరు దాకా పోవాల్సిందే!

నడికుడి నుంచి శ్రీకాళహస్తికి కొత్త రైలు మార్గం మా ఆత్మకూరు మీదుగా వేస్తున్నారు. మొత్తం దాదాపు 309 కిలోమీటర్లట. పిడుగురాళ్ళ వైపు నుంచి ముక్కలు ముక్కలుగా పూర్తవుతూ వస్తోంది. అది వచ్చేలోగా ఊరుకోవడమెందుకు? ఉన్న బస్సులతోనే, ఉన్న కొండలతోనే మేమూ ఒక రోజు షికారు చేసొచ్చాం. నేనూ, మా అత్తమ్మా. ఎక్కడికనుకున్నారు? ఆమె పుట్టిల్లు ఉదయగిరికి!

అసలు ఇదంతా ఒక గరిటె విరగడంతో మొదలైంది. అత్తమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క గరిటె అది. యాభై ఏళ్ళు దాటింది. ఎన్ని ఊరగాయలు కలిపిందో, ఎన్ని పాయసాలు తిప్పిందో! మొన్న మార్గశిరంలో నేను అడుగంటిన గిన్నె గోకబోతే పుటుక్కున విరిగిపోయింది. గుండె గతుక్కుమంది నాకు. ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు. రెండు ముక్కలూ తీసుకుని కొంగుతో తుడిచి, "ఇట్టాంటిది మా ఊళ్ళోనే దొరికేది" అంది. అంతే.

అప్పుడు లెక్కేసుకుంటే తెలిసింది, అత్తమ్మ ఉదయగిరి వెళ్ళి పందొమ్మిదేళ్ళయిందని. 2006లో ఆ ఇల్లు అమ్మేశారు. ఆ తర్వాత అన్నయ్య పోయాడు. ఇక ఎవరింటికని పోతుంది? మనకి పుట్టిల్లంటే గోడలు కాదు కదండీ, గుమ్మంలో "వచ్చావా అమ్మీ" అనే మనిషి.

"పోదాం పద అత్తమ్మా, గరిటె కొనుక్కొద్దాం" అన్నాను.

"ఛార్జీలకి దండగ" అంది, అలవాటుగా.

"ఛార్జీలెక్కడివి? ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా!" అన్నాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు ఇస్తారు. ఆ మాటకి ఇక ఆమె దగ్గర జవాబు లేదు.

ముందురోజు రాత్రే చింతపండు నానబెట్టి, పొద్దున్నే పులిహోర కలిపాను. పెరుగన్నంలో కాస్త ఎక్కువ పాలు పోసి తోడు పెట్టాను, మధ్యాహ్నానికి పులవకుండా. నంజుకోవడానికి నిమ్మకాయ ఊరగాయ, రెండు సీసాల నీళ్ళు. మావారికీ పిల్లలకీ వంట చేసి మూతలు పెట్టి, "రాత్రికి వస్తాం" అని చెప్పి బయటపడ్డాం. గడప దాటుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది సుమండీ! పెళ్ళిళ్ళు, పేరంటాళ్ళు, ఆసుపత్రులు కాకుండా ఊరికే ఊరెళ్ళడం నాకు అదే మొదలు.

తొందరగా పోవాలనుకునేవాళ్ళకి వేరే దారులున్నాయి. మాకు తొందర లేదు కనుక చుట్టుదారి ఎంచుకున్నాం. బస్సులు మారుతూ ఏ.ఎస్.పేట, కలిగిరి, వింజమూరు మీదుగా ఉదయగిరి. బస్సెక్కగానే కండక్టరు అత్తమ్మ కార్డు చూసి టిక్కెట్టు చింపి ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, చిన్న పర్సులో దాచుకుంది. "ఎందుకత్తమ్మా అది?" అంటే ఏమందో తెలుసా? "ఇన్నేళ్ళలో ఊరికి పోవాలంటే మీ మామయ్యని అడగని ఛార్జీ ఇదొక్కటే" అంది.

మొదటి మజిలీ ఏ.ఎస్.పేట. పూర్తి పేరు అనుమసముద్రంపేట. అక్కడ హజ్రత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. తురకలే కాదు, మా చుట్టుపక్కల హిందువులూ మొక్కుకుంటారు. మనసు బాగాలేని వాళ్ళని తీసుకొచ్చి రోజుల తరబడి ఇక్కడే ఉండేవాళ్ళున్నారు. మేం వెళ్ళేసరికి ఒకావిడ గోడ పక్కన కూర్చుని ఎదిగిన కూతురికి తల దువ్వుతోంది. ఆ పిల్ల చూపు ఎక్కడో ఉంది. అత్తమ్మ నిలబడి, మా పొట్లాల్లోంచి కొంచెం పులిహోర తీసి వాళ్ళకి పెట్టింది. ఆవిడ ఊరూ పేరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. "మంచిగయిపోద్దిలే అమ్మా" అని మాత్రం అంది.

అక్కణ్ణుంచి కలిగిరి వైపు దారంతా మెట్ట పొలాలు. పొగాకు తోటలు, మధ్య మధ్య పొగాకు కాల్చే బారన్లు పొడుగ్గా కనిపిస్తాయి. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం కూడా ఉంది. నెల్లూరంటే వరి అనుకునేవాళ్ళు ఇటు వస్తే ఆశ్చర్యపోతారు. వానని నమ్ముకుని బతికే నేల ఇది.

కలిగిరి దగ్గరకొచ్చేసరికి అత్తమ్మ కిటికీలోంచి వేలు చూపించి, "దూబగుంట ఈ పక్కనే" అంది. పేరు విన్నారు కదూ? సారా వద్దని ఆడవాళ్ళు కొంగులు బిగించిన ఊరు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతర్ల కింద పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ కష్టాల సంగతీ మాట్లాడుకున్నారు. అందులోంచే సారా పోరాటం పుట్టింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది. వేలం పాటలు ఆగిపోయాయి. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. రోశమ్మ 2016లో కన్నుమూసింది. చదువుకోని పల్లెటూరి ఇల్లాలు ప్రభుత్వాన్ని కదిలించిందంటే, మనం ఇంట్లో ఉప్పూ పప్పూ లెక్కలకే భయపడుతుంటామే అనిపించింది నాకు.

"నేనూ ఆ బడికి పోయినా తెలుసా?" అంది అత్తమ్మ ఉన్నట్టుండి. నాకు తెలియదు! పదిహేనేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నాం, ఎప్పుడూ చెప్పలేదు. "ఆత్మకూరులో మన వీధి చివర పెట్టినారు. మీ మామయ్య నవ్వినాడు, ఈ వయసులో నీకేం చదువని. నాలుగు నెలలకి సంతకం వచ్చింది. పేపర్లో పెద్ద అక్షరాలు చదివేదాన్ని."

వింజమూరులో బస్సు మారి, కొంచెం దూరం వెళ్ళేసరికి కొండలు దగ్గరయ్యాయి. ఉదయగిరి దుర్గం కనిపించగానే అత్తమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు! "కూర్చో అత్తమ్మా" అంటున్నా వినలేదు.

చూడాల్సిన కొండే సుమండీ! సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. కొన్నిచోట్ల కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా బండ. ఒకప్పుడు కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలుండేవట. ఇది ఒడిశా గజపతుల చేతిలో ఉన్నప్పుడు శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేశాడు. దాదాపు ఏడాదిన్నర పట్టింది ఆయనకి లొంగదీయడానికి! గెలిచి వెళుతూ ఇక్కడి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్ళి, 1515లో అక్కడ గుడి కట్టి ప్రతిష్ఠ చేయించాడు. హంపీలో కృష్ణస్వామి ఆలయం చూశారా? అదే. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. తర్వాత గోల్కొండ సుల్తానులు, నవాబులు, జాగీర్దార్లు... చివరి జాగీర్దారు కుట్ర చేశాడని 1839లో కంపెనీవాళ్ళు జాగీరు లాగేసుకున్నారు. అందుకే కొండ మీద గుళ్ళూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి.

ఈ కథ చెబితే అత్తమ్మ నవ్వింది. "అయితే మా కిట్టయ్య కూడా నాలాగే, ఊరొదిలి పోయినోడేనన్నమాట. తిరిగి రానిచ్చినారా?" అంది. ఏం చెప్పను?

కొండ ఎక్కే ఆశ మేం పెట్టుకోలేదు. కింద రంగనాయకుల గుడి దగ్గరికి వెళ్ళి, చెక్కిన స్తంభాలు చూస్తూ నీడలో పొట్లాలు విప్పాం. చిన్నప్పుడు ఈ గుళ్ళో ఎక్కడెక్కడ దాగుడుమూతలాడారో, ఏ స్తంభానికి తల కొట్టుకుని బొప్పి కట్టిందో అన్నీ చెప్పింది. పెరుగన్నం పులవలేదు. ఊరగాయ అయిపోయింది. ఇంట్లో నలుగురికీ వడ్డించి మిగిలింది తినే మేమిద్దరం, ఎవరికీ వడ్డించకుండా ఎదురెదురుగా కూర్చుని తిన్న భోజనం అదేనేమో!

భోజనమయ్యాక ఆ ఇంటికి వెళ్ళాం. ఎవరైనా ఏమనుకుంటారో అని నేను గుమ్మం బయటే తచ్చాడుతుంటే, లోపల్నుంచి ఒకమ్మాయి వచ్చి సంగతి కనుక్కుని, "మీ ఇల్లే కదా అవ్వా, రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మిద్దె కొత్తగా వేశారు. వసారా లేదు. పెరట్లో బావికి సిమెంటు పలక మూసి, మోటారు పెట్టారు. అత్తమ్మ ఆ పలక మీద అరచెయ్యి ఆనించి కొంచెంసేపు నిలబడింది. ఆ పిల్ల కాఫీ ఇచ్చింది, పసుపూ కుంకుమా పెట్టింది, జాకెట్టు గుడ్డ కూడా పెట్టింది. పరాయి పిల్ల!

బయటికొచ్చాక చెప్పింది అత్తమ్మ. "ఈడనే, వసారాలో పెట్టినా సంతకం. మా అన్న కాగితం పెట్టి, 'ఇక్కడ చేవ్రాలు చెయ్యి అమ్మీ' అన్నాడు. రాత్రిబడిలో నేర్చుకుంటినే, ఎంత సంబరంగా చేసినానో! నా పేరు వంకర పోకుండా వచ్చిందని మురిసిపోయినా. అదేం కాగితమో చదవలా. చదవడం వచ్చు నాకు. చదవలా."

నాకు నోట మాట రాలేదు. అన్నగారు చెడ్డవాడేం కాదట. అప్పులున్నాయి, పిల్లల చదువులున్నాయి. అడిగితే తనే సంతోషంగా ఇచ్చేసేదాన్నంది. "అడగలేదు, అదీ నా బాధ" అంది.

మీకు తెలియాల్సిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. మన రాష్ట్రంలో అయితే 1986లోనే చట్టం తెచ్చారు గానీ, అది అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే వర్తించింది. 2005 సవరణకి పెళ్ళయిందా లేదా అన్న తేడా లేదు. అప్పటికే పద్ధతిగా పంపకాలు జరిగిపోయిన ఆస్తికి మాత్రం అది వర్తించదు. తండ్రి అంతకు ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అన్నదమ్ముల మీద కోర్టుకెక్కమని కాదు నేననేది. ఇవ్వదలుచుకుంటే ఇచ్చేద్దాం. కానీ ఇస్తున్నామని తెలిసి ఇద్దాం. సంతకం పెట్టే ముందు కాగితం చదువుదాం. చదవడం రాకపోతే మనకి నమ్మకమైన వాళ్ళతో చదివించుకుందాం.

ఇక మా గరిటె సంగతి! ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు పేరున్నవి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వీటికి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి మెత్తటి చెక్కతో చేస్తారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాల పని, అందులోనూ ఆడవాళ్ళ చేతి పని. మేం వెళ్ళిన ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. ఒకామె బాడిసతో చెక్కని చెక్కుతోంది, ఒకామె ఆకురాయితో గుంట తీస్తోంది, చిన్నపిల్ల ఉప్పుకాగితం పెట్టి రుద్దుతోంది. పక్కనే కుక్కరు కూత పెడుతోంది. వంటా పనీ రెండూ ఒక్కచోటే.

ఒక పెద్ద గరిటె, రెండు చిన్నవి ఏరాం. నేను మామూలుగా బేరం మొదలుపెట్టాను. ఆమె కోప్పడలేదు. "అక్కా, ఈ చెక్క కోసం మా ఇంటాయన కొండకి పోయి వస్తాడు. దగ్గర్లో దొరకట్లేదిప్పుడు. పొద్దస్తమానం రుద్దితే ఇన్ని అవుతాయి" అని పక్కనున్న చిన్న కుప్ప చూపించింది. నేనింకా నోరు తెరిచేలోపు అత్తమ్మ తన పర్సు తీసి అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చేసింది. ఆ పర్సులో సున్నా టిక్కెట్లు మూడు, పెన్షన్ డబ్బులు కొన్ని. పట్టుచీరకి దుకాణంలో చెప్పిన ధర నోరు మూసుకుని ఇచ్చే నేను, గరిటె దగ్గర పది రూపాయలకి గీచి గీచి బేరమాడాను! సిగ్గేసింది.

చెక్క గరిటె ఎలా చూసుకోవాలో కూడా ఆమే చెప్పింది. మీకూ పనికొస్తుంది, రాసుకోండి. కొత్తగా తెచ్చాక కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, కాస్త కొబ్బరినూనె గానీ వేరుశనగనూనె గానీ పట్టించి ఒక రాత్రి వదిలేయాలి. నెలకోసారి మళ్ళీ నూనె రాస్తే పగుళ్ళు రావు. నీళ్ళల్లో నానబెట్టకూడదు, మండే ఎండలో పెట్టకూడదు. ఊరగాయకి ఒకటి, పాలూ పాయసాలకి ఒకటి విడిగా ఉంచుకుంటే వాసనలు కలవవు. నాన్‌స్టిక్ పెనాలు గీరుకుపోకుండా ఇవే మేలు. అడుగంటిన గిన్నెలు మాత్రం గోకకండి! అనుభవం మీద చెబుతున్నాను.

తిరుగు బస్సులో అత్తమ్మకి కిటికీ పక్క సీటిచ్చాను. దుర్గం వెనక పొద్దు వాలుతోంది. ఆమె కొత్త గరిటెని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. వింజమూరు దాటాక అంది, "అమ్మీ, మన ఆత్మకూరు ఇంటి కాగితాల్లో కావలి పిల్ల పేరు కూడా ఉండాల. దాన్ని అడక్కుండా ఎవరూ ఏదీ చెయ్యగూడదు. నేను పోయినాకయినా సరే."

దాచను, నా గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ ఇంటికి సున్నాలు వేయించింది మేము, పైకప్పు బాగు చేయించింది మేము. పిల్లల పెళ్ళిళ్ళకి అదే ఆధారం అనుకుంటున్నాం. "అట్టాగే అత్తమ్మా" అనడానికి నాకు ఏ.ఎస్.పేట వచ్చేదాకా పట్టింది. కానీ అన్నాను. బావి పలక మీద ఆనించిన ఆ చెయ్యి కళ్ళముందు నుంచి పోలేదు మరి. రాత్రి ఇంటికొచ్చి మావారికి చెబితే, ఆయనా కాసేపు ఊరుకుని, "అమ్మ చెప్పింది న్యాయమే" అన్నారు. మర్నాడు పొద్దున ఆడపడుచుకి ఫోను చేశాను. మైపాడు కబుర్లు ఆమె, ఉదయగిరి కబుర్లు నేను. ఈసారి కుళ్ళు లేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే చలికాలం మంచిది. ఎండాకాలం మా పడమటి ఎండలు భరించలేరు. దుర్గం ఎక్కాలనుకునేవాళ్ళు తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. నీళ్ళు, తిండి, దారి తెలిసిన మనిషి తోడు తప్పనిసరి. కింద గుడి, గరిటెల పని చూసి రావడానికి ఒక్క రోజు చాలు. ఆధార్ కార్డు మరిచిపోకండి. పులిహోర కొంచెం ఎక్కువే కలుపుకోండి, దారిలో ఎవరికైనా పెట్టొచ్చు.

అన్నట్టు, విరిగిన గరిటె ముక్కలు అత్తమ్మ పారెయ్యలేదు. పిడి ముక్క తులసికోట దగ్గర ముగ్గు డబ్బాలో ఉంది. ముగ్గు పిండి కలపడానికి సరిగ్గా సరిపోయిందట!